నల్ల పట్టీల మధ్య

ప్రియమైన పిచ్చుకా,

అమ్మ పెళ్ళికి ముందు ఒక సినిమాలో గుంపులో నిలబడ్డానని చెప్పేది కదా, ఆ డిస్కు దొరికింది. రైల్వే ప్లాట్‌ఫారం, మంచు, సన్నటి జల్లు, హీరో రైలెక్కే సీను. మూడుసార్లు వేశాను. అమ్మ ఎక్కడా లేదు.

"కుడివైపు చివర, తెల్ల గొడుగు పట్టుకుని ఉన్నానే!" అంది. తెరకి దగ్గరగా జరిగి వెతికింది. తర్వాత, "నాకు మతి పోతున్నట్టుందే. జరగనివి జరిగాయనుకుంటున్నాను" అంది. అప్పట్నుంచి ఏ కబురు మొదలుపెట్టినా, "ఏమో, నిజమో కాదో" అని మధ్యలో ఆపేస్తోంది. నాకు భయంగా ఉంది. నువ్వు పనిచేసేది డిస్కులు తయారుచేసే చోటే కదా, కాస్త కనుక్కో.

అమ్మ దగ్గర కూర్చుని,
అక్క

అక్కా,

నీ ఉత్తరం అందింది. డిస్కు అట్ట మీద 'ఫుల్ స్క్రీన్' అని ఉండి ఉంటుంది. సినిమా వెడల్పుగా తీస్తారు. మన టీవీలేమో ఇంచుమించు చదరం. తెర నిండాలంటే పక్కలు కత్తిరించాలి, లేకపోతే పైనా కిందా నల్ల పట్టీలు మిగులుతాయి. ఏ షాట్‌లో ఏ పక్క పోవాలో చూసేదే నా పని. "నల్ల పట్టీలుంటే జనం డిస్కు వాపసు తెస్తారు. హీరోని మాత్రం వదలకు" అంటాడు మా సూపర్‌వైజర్. ఆరేళ్ళ క్రితం ఆ సీను కత్తిరించింది నేనే.

ఇవాళ కత్తిరించని వెడల్పు కాపీ తీయించి చూశాను. అమ్మ ఉందక్కా. చెప్పిన చోటే ఉంది. కన్నతల్లిని గుర్తుపట్టకుండా తీసి పారేశాను. ఏ మొహం పెట్టుకుని రాను? ఆ కాపీనే డిస్కుగా పంపుతున్నాను. నా సంగతి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

సిగ్గుతో,
నీ పిచ్చుక

నా పిచ్చి పిచ్చుకా,

చెప్పేశాను. "హీరోని వదిలి నన్ను ఉంచితే దాని ఉద్యోగం ఊడేది కాదూ!" అని ఒకటే నవ్వు. ఆదివారం నిన్ను రమ్మంటోంది.

మధ్యాహ్నం కర్టెన్లు లాగి డిస్కు పెట్టాను. పైనా కిందా నలుపు, నడుమ పొడుగ్గా ప్లాట్‌ఫారం. ఆ మంచు మెల్లగా మన గదిలోకి పాకుతున్నట్టే అనిపించింది. రైలు కదిలింది.

"అదిగో! పక్కనున్న పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది. అందుకే గొడుగు దాని మీదికి వంచాను" అంది అమ్మ. మరి ఆగలేదు. ఆనాటి తడి చెప్పుల దగ్గర్నుంచి అన్నీ చెప్పుకొచ్చింది. ఎక్కడా "ఏమో" అనలేదు.

"కెమెరా వైపు చూడొద్దని పదిసార్లు చెప్పారే. నేను ఒక్కసారి చూశాను."

"ఎందుకమ్మా?"

"అటువైపు ఎవరుంటారో చూద్దామని."

రిమోట్‌తో బొమ్మ బొమ్మా ఆపుతూ నడిపాను. అందరూ రైలును చూస్తున్నారు. తెల్ల గొడుగు పట్టుకున్న పందొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కతే తల తిప్పి మా ఇద్దరినీ చూసింది.

అమ్మ చెయ్యెత్తి ఆ పిల్లకి ఊపింది.

నీ కోసం చూస్తూ,
అక్క