నాన్న చూస్తున్న ఇళ్ళు

అక్కా,

ఇక్కడ అందరం కులాసా. ఫోన్లో చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను. బావగారు చదివినా సరే.

నాన్నకు చూపు ఆనడం లేదు, పెద్ద టీవీ కొనిపెట్టమన్నావు కదా, కొన్నాను. షాపులో నాన్న ఒకదాని ముందు ఆగి, "దీని మాట బాగా వినబడుతోందిరా" అన్నాడు. నేను మాత్రం షాపతన్ని బతిమాలి, ఒక్కో టీవీకీ నా ల్యాప్‌టాప్ తగిలించి, దగ్గరగా కూర్చున్నా సన్నగీతలు అలుక్కుపోనిదాన్ని ఎంచాను. దాని గొంతు పీల. అయినా "నీ కళ్ళకి ఇదే మంచిది నాన్నా" అన్నాను. తెచ్చి నా బల్ల మీదే పెట్టుకున్నాను. పొద్దస్తమానం దాని మీద ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాను. పనయ్యాక నీ గదిలో పెడతానని నాన్నతో అంటాను, పని అవదు. నాన్న నా వెనక కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంటాడు. పల్లెత్తు మాట అనడు. నాకే తల కొట్టేసినట్టుంది.

మీ అటక మీది పాత మానిటర్ పనిచేస్తుంటే ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళతో పంపు. నా పనికి అది చాలు. టీవీ నాన్న గదిలోకి మార్చేస్తాను. పాపకు దగ్గు తగ్గిందా? కుట్టుమిషన్ బాగుచేయించావా? బావగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

ఇంకొక్క మాట. ఇది రాస్తుంటే నాన్న వెనకనుంచి అడిగాడు: "ఒరే, నిన్నటి ఇంటికి మెట్లు పెట్టావా? చివర్లో కునుకు పట్టేసింది, చూడలేదు."

నీ తమ్ముడు