మైనస్ పన్నెండు

ఆదోని, 1957, కార్తీకం, గురువారం రాత్రి

తల్లి పోయినప్పటి నుంచి బడిలో నోరు విప్పని గంగమ్మ ఈరోజు మాట్లాడింది. మైనస్ పన్నెండుకు కారణాంకాలు చెప్పమంటే పిల్లలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు, పన్నెండు అని ఆగిపోయారు.

"మైనస్‌వి గూడా రాయాల గదా టీచరమ్మా? మైనస్ మూడును నాలుగుతో గుణిస్తే అదే వస్తాది" అంది గంగమ్మ. ప్రతి అంకె పక్కనా దాని మైనస్ అంకెను తనే బోర్డు మీద రాసింది.

సాయంత్రం వాళ్ళ నాన్న వీరన్న వచ్చాడు. "రేపట్నుంచి పాపను పత్తి జిన్నింగు మిల్లుకు పనికి తోలుకపోతానమ్మా. బడిలో ఉలకదు, పలకదు."

"ఈరోజు పలికింది వీరన్నా!"

అరుగు మీద కూలబడ్డాడు. "ఏం సెప్పింది?"

చెప్పాను. లెక్క ఆయనకు అర్థం కాలేదు. "మల్లొకసారి సెప్పమ్మా" అన్నాడు. మళ్ళీ చెప్పాను. తువాలుతో మొహం తుడుచుకుని, మిల్లు మాట ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

రేపు ఆ పిల్ల బడికి వస్తుందో, రాదో...