అమ్మ స్కాన్ సంగతి

చిన్నోడా, పాపని బడిలో దింపేశాం. పాలు కాచి ఉన్నాయి. మీ అమ్మని పరగడుపున ఉంచకు, టిఫిన్ పెట్టెయ్. ఇవాళ స్కాన్‌కి తీసుకెళ్లకు. నేనూ కోడలూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది, కోపముంటే నా మీద చూపించు.

మీ అమ్మకి రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశాక ఏటా రొమ్ముకి తీసే ఎక్స్‌రే తప్పదని డాక్టరమ్మ చెప్పింది. దానికి నేను అడ్డం రాను. ఏ బాధా లేకుండానే ఒళ్లంతా తీసే ఈ స్కాన్ మాత్రం నువ్వు పట్టుబట్టి రాయించిందే. "ముందే దొరికితే మంచిదేగా నాన్నా" అన్నావు. వెతికితే కోడిగుడ్డు మీదా ఈకలు దొరుకుతాయిరా. పోయినసారి కాలేయం మీద మచ్చన్నారు, సూదితో ముక్క తీశారు, చివరికి ఏమీ లేదన్నారు. ఈలోపు మీ అమ్మ బీరువా తెరిచి, తన బట్టలు ఎవరెవరికివ్వాలో చెప్పింది.

డాక్టరమ్మని ఒక్కటే అడుగుతా. ఇలా తీయించుకున్నవాళ్లు, తీయించుకోనివాళ్లకన్నా ఎక్కువ కాలం బతికారా? అవునంటే నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా.

నాకేదో గుండెధైర్యం ఉందనుకోకు. నేను వద్దన్నాక ఏదన్నా అయితే నీకు మొహం ఎలా చూపించను?

అమ్మ అడిగితే స్కాన్ మిషను పాడైందని చెప్పు.

ఏమండీ, పైనంతా మామయ్య మాటలే. ఇది నాది. అత్తయ్యకి అబద్ధం చెప్పకండి. "తండ్రీకొడుకులు కొట్టుకుంటున్నారు సరే, ఒళ్లు నాదే కదా, నన్నెవరూ అడగరేమే?" అంది నిన్న. మీరు అత్తయ్యనే అడగండి.