లాఖీ పుట్టింటికి ఉత్తరాలు

ఖారీ ఢాణీ,
ఏప్రిల్ 9.

పూజ్యులైన కర్ణీదాన్ బాసాకి,

మోడ్‌సింగ్ గారి కూతురు హేత్ కంవర్ మీ పాదాలకు దణ్ణం పెట్టి రాస్తున్నది. జై మాతాజీ. మీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయని, మీ బావి నీళ్ళు ఇంకా తియ్యగానే ఉన్నాయని అనుకుంటున్నాం. ఇక్కడ మేమందరం బాగున్నాం.

లాఖీ తాడు మా చేతికిస్తూ మీరు అన్నారు కదా, గుర్రాన్ని అమ్మడం లేదు, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నాను, ఎలా ఉందో నెలకో ఉత్తరం రాయండి, ఫోన్లో నాకు సగం వినపడదు, కాగితమైతే నాలుగుసార్లు చదువుకుంటాను అని. బాపూసా ఆ మాట మర్చిపోలేదు. కూతురివని పదేళ్ళు ఇంగ్లీష్ బడిలో చదివించాను, ఒక ఉత్తరం రాయలేవా అని నన్ను కూర్చోబెట్టారు. పదో తరగతి పరీక్షలు అయిపోయి హాస్టల్ నుంచి వచ్చేశాను కాబట్టి తప్పించుకోవడానికి సాకు కూడా లేదు. తప్పులుంటే నవ్వకండి.

లాఖీ మొదటి రెండు రోజులు మేత ముట్టలేదు. నీళ్ళలో మూతి ముంచి తీసేసేది. మీ ఊరి దిక్కుకే తిరిగి నిలబడేది, ఎటు కట్టినా సరే. మా నాయనమ్మ దాదీసా మాత్రం, కొత్తకోడలు వచ్చిన రోజే కంచం ఖాళీ చేస్తుందా, సిగ్గు తీరనివ్వండర్రా అని అందరినీ కసిరింది. కసిరిన ఆవిడే గంట తిరక్కుండా సజ్జరొట్టె మీద నెయ్యి రాసి పట్టుకెళ్ళింది. అది వాసన చూసి మొహం తిప్పుకుంది. నా నెయ్యిని కాదందా, దీనికి అత్తగారంటే లెక్కలేదు అని దాదీసా రోజంతా గొణిగింది.

మూడో రోజు బాపూసా మీ పాత తలపాగా గుడ్డని, మీరు సంచిలో పెట్టి ఇచ్చినదాన్ని, మేత తొట్టికి చుట్టారు. లాఖీ దాంట్లో ముక్కు దూర్చి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత తినడం మొదలుపెట్టింది. ఇప్పుడు శనగపొట్టు తొట్టెడు పెట్టినా ఇంకా ఏదీ అన్నట్టు చూస్తోంది.

బాపూసా రాత్రి పడకని పాకలోకి మార్చేసుకున్నారు. పాతికేళ్ళు ఫౌజులో సర్కారు గుర్రాలు ఎక్కి దిగాను, వాటిలో ఒక్కటి కూడా నాది కాదు, ఇది నాది అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. పాలవాడికైతే రెండుసార్లు చెప్పారు. మా నాన్న ఇంతలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

మీ ఆశీర్వాదం కోరుతూ,
హేత్ కంవర్

తా.క.: దీనికి బెల్లం అంటే ప్రాణమని మీరు చెప్పలేదు. నేనే కనిపెట్టాను.

---

ఖారీ ఢాణీ,
మే 2.

పూజ్యులైన బాసాకి,

హేత్ కంవర్ దణ్ణాలు. మీరు క్షేమమని తలుస్తున్నాం. ఇక్కడ క్షేమం అని మాత్రం రాయలేను.

గడిచిన గురువారం సాయంత్రం బాపూసా లాఖీ మీంచి పడిపోయారు. పక్క ఢాణీ నుంచి ఇద్దరు పెద్దమనుషులు గుర్రాన్ని చూడ్డానికి వచ్చారు. ఇల్లు అలవాటు పడనివ్వాలని ఇన్నాళ్ళూ దాన్ని ఎక్కని బాపూసా, ఆ రోజు కొత్త తలపాగా చుట్టుకుని ఎక్కారు. వాకిలి కూడా దాటలేదు, లాఖీ ఉన్నట్టుండి ముందుకాళ్ళు రెండూ గాల్లోకి లేపి నిటారుగా నిలబడింది. పగ్గం వదులుగా ఉంది, ఆయన వెనక్కి జారి రాతి నీళ్ళతొట్టి అంచు మీద పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో కడ్డీ వేశారు. ముందు కర్రపట్టుకుని నడవండి, గుర్రం మాట తర్వాత అని డాక్టరు అన్నాడు. తర్వాత అంటే ఎప్పుడని బాపూసా అడిగితే, ఈ వయసులో ఎందుకండీ అవన్నీ అన్నాడు.

ఈ ఉత్తరం మా గుమాన్ కాకోసా చెబుతుంటే రాస్తున్నాను. ఆయన బాపూసాకి తమ్ముడు. పడిన రోజే ఆయన లాఖీ జూలు పాయలు తీసి చూశాడు. మెడ మీద జూలు కింద పాములాగ వంకర తిరిగిన సుడి కనిపించింది. ఇది రౌతుని తినే సుడి, కొనేటప్పుడు వంపు తిరిగిన చెవులు చూసి మురిసిపోయారు గానీ జూలు ఎత్తి చూసినవాడు లేడు అని అరిచాడు. ఆ చారణ్ కులం ముసలాయన కర్ణీదాన్, కూతురు కూతురని కన్నీళ్ళు పెట్టుకుని సుడి గుర్రాన్ని అంటగట్టాడు అని కూడా అన్నాడు. ఈ మాట రాయాలా అని అడిగాను. రాయి, బాగా పెద్ద అక్షరాలతో రాయి అన్నాడు. క్షమించండి.

మనిషిని పడేశాక లాఖీ పారిపోలేదు. అక్కడే నిలబడి మెడ చాచి పెదవి ఆడించింది. చూడండి, పడేసి ఎలా ఇకిలిస్తోందో అన్నాడు కాకోసా. అప్పటినుంచి దాన్ని మేకల దొడ్డి వెనక కట్టారు. దాదీసా దానికి రొట్టె పెట్టడం మానేసింది. పిల్లల్ని అటు పోనివ్వడం లేదు.

కాకోసా చెప్పేదేమిటంటే, నెలాఖరులోపు మీరు బండి పంపి దాన్ని తీసుకుపోవాలి. లేకపోతే పెళ్ళిబ్యాండు వాళ్ళకి ఇచ్చేస్తారు. ఇంటికి తెచ్చుకున్న గుర్రాన్ని పుట్టింటికి తిప్పి పంపితే మీ ఊళ్ళో మీకు ఎంత తలవంపో అందరికీ తెలుసు. తెలిసే రాయిస్తున్నాను అన్నాడు.

బాపూసా మాత్రం గుర్రాన్ని తిట్టలేదు, మిమ్మల్నీ తిట్టలేదు. నా పట్టు పోయిందమ్మా, అంతే, పాతికేళ్ళు గుర్రాలెక్కినవాడికి పట్టు పోయింది అన్నారు, అదీ నాతో ఒక్కదానితోనే.

ఇట్లు,
హేత్ కంవర్

తా.క.: లాఖీకి దెబ్బలేమీ తగల్లేదు. ఇది కాకోసా చెప్పలేదు, నేను రాస్తున్నాను.

---

ఖారీ ఢాణీ,
మే 16.

పూజ్యులైన బాసాకి,

మీ ఉత్తరం అందింది. పోస్టు అతను కాకోసా చేతికి ఇవ్వబోతే లాక్కున్నాను. బాపూసా పేరున ఉందని ఆయన మంచం దగ్గర కూర్చుని నేనే చదివి వినిపించాను.

మీరు రాశారు: ఆ సుడి పుట్టుకతోనే ఉంది, ఏడేళ్ళు నా ఇంట్లో ఎవరికీ గోరు కూడా చిట్లలేదు కాబట్టి దాని సంగతే మర్చిపోయాను, కానీ చెప్పకపోవడం నా తప్పే, మోడ్‌సింగ్ జీ, మీ ఎముక విరగ్గొట్టింది నేనే అనుకోండి, ఇరవై నాలుగో తారీకున బండి పంపుతున్నాను, నా పిల్లని ఇంటికి పంపించేయండి, దాన్ని అపశకునమనే చోట ఒక్క పూట కూడా ఉంచను అని.

అక్కడికి వచ్చేసరికి కాగితం మడిచేశాను. దాహమేస్తోందని చెప్పి లేచి వెళ్ళిపోయాను.

బాసా, బండి పంపకండి. మీకు దణ్ణం పెడతాను. అక్కడ మీ మొహాన ఎవరూ ఏమీ అనరేమో గానీ, గుమాన్ కాకోసా సంతల్లో తిరిగే మనిషి, కర్ణీదాన్ సుడి గుర్రాన్ని అమ్మాడని ఇప్పటికే రెండు ఊళ్ళలో చెప్పాడు. బండి వస్తే అది నిజమని తేలిపోతుంది. లాఖీని ఇంకెవరూ ఎక్కరు. బాపూసా కూడా ఇంక దేన్నీ ఎక్కరు. ఆయన ఇప్పుడు తలుపు వైపు కాకుండా గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు, పాక కనపడకుండా.

సుడి ఏమీ చెయ్యలేదు. ఇది నాకు కచ్చితంగా తెలుసు. ఎలా తెలుసో అడగకండి. ఒక్కసారి నన్ను నమ్మి బండి ఆపించండి, చాలు.

మీ దీవెనలు కోరడానికి కూడా మొహం లేని,
హేత్ కంవర్

తా.క.: పైన రాసింది రెండుసార్లు చదువుకున్నాను. ఎలా తెలుసో అడగకండి అంటే ఎవరైనా ఎందుకు ఊరుకుంటారు? నేనైతే ఊరుకోను. అందుకని రాస్తున్నాను.

లాఖీకి లేవడం నేర్పింది నేను.

జోధ్‌పూర్‌లో మా హాస్టల్ అమ్మాయిలకి ఫోన్ చేసి మా నాన్న గుర్రం కొన్నాడని చెప్పాను. పెళ్ళి గుర్రమా, దాని మీద పెళ్ళికొడుకు ఫ్రీగా వస్తాడా అని ఒకటే నవ్వు. వాళ్ళకి పంపడానికి ఒక వీడియో కావాలనిపించింది. లాఖీ రెండు కాళ్ళ మీద లేచి నిలబడాలి, పక్కన నేను ఉండాలి, అంతే. ఎలా నేర్పాలో ఫోన్లో చూశాను. మధ్యాహ్నం ఎండకి బాపూసాతో సహా అందరూ ఇంట్లో పడుకున్నాక పాకలోకి వెళ్ళేదాన్ని. ఎడమ భుజం మీద రెండుసార్లు తట్టి పగ్గం పైకి ఎత్తేదాన్ని. కాస్త ముందరికాలు లేపినా బెల్లం ముక్క. దానికి ఆటలు నేర్పలేదని, నాకు నడిచే గుర్రం చాలు, గంతులేసేది వద్దని మీరు బాపూసాతో అంటుంటే నేను పక్కనే ఉండి విన్నాను. విని కూడా చేశాను. అయిదో రోజుకి పగ్గం ఎత్తక్కర్లేకపోయింది. తడితే చాలు, లేచి నిలబడేది. ఆరో రోజు వీడియో తీశాను. అందరూ గుండె గుర్తులు పంపారు.

బాపూసాకి ఏ గుర్రం ఎక్కినా ఎడమ భుజం మీద రెండుసార్లు తట్టడం అలవాటు. పదండి బాబూ అన్నట్టు. నేను పుట్టకముందు నుంచీ అలవాటు. పెళ్ళిళ్ళలో ఎవరి గుర్రం ఎక్కినా తడతారు, అది నేను వందసార్లు చూశాను. అది చూసే నేను ఆ తట్టడాన్ని ఎంచుకున్నానేమో కూడా, తెలీదు. ఆ రోజు ఆయన చెయ్యి కిందికి దిగుతుంటే నాకు అర్థమైంది. నోరు తెరిచాను. అప్పటికే లాఖీ లేచింది.

పడేశాక అది ఇకిలించలేదు బాసా. నేను తొట్టి పక్కనే ఉన్నాను. చెప్పినట్టు చేశాను కదా అని నావైపు మెడ చాచి బెల్లం అడిగింది.

వీడియో చెరిపేశాను. అదొక్కటే తెలివైన పని అనుకున్నాను అప్పుడు. పదహారు రోజులుగా అందరూ సుడిని తిడుతుంటే ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులు నాకు ఆ సుడి కనపడినందుకు ప్రాణం లేచొచ్చింది. ఇది ఎవరికీ చెప్పకండి. కాదు, చెప్పినా పర్లేదు.

నేర్పింది మాన్పించడం ఎలాగో నాకు తెలీదు. ఫోన్లో అది లేదు. మీకు తెలిసి ఉంటుంది. రాయండి, ఎన్నాళ్ళు పట్టినా చేస్తాను.

మళ్ళీ తా.క., మే 17: కవరు అంటించకుండా ఉంచాను. పొద్దున్న దీన్ని మొత్తం బాపూసాకి చదివి వినిపించాను, సుడి కనపడితే ప్రాణం లేచొచ్చిందన్నది కూడా. కొడతారనుకున్నాను. ఆయన ఏ భుజం అన్నారు. ఎడమ అన్నాను. ఎన్ని రోజులు పట్టింది అన్నారు. అయిదు అన్నాను. ఫౌజులో మాకు మూడు నెలలు పట్టేది అని గోడ వైపు తిరిగారు. వీపు కదులుతోంది. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వంగి చూసే ధైర్యం నాకు లేదు. కాసేపటికి అటే తిరిగి, అయితే నా పట్టు పోలేదన్నమాట అన్నారు. పోలేదు బాపూసా అన్నాను.

కర్ణీదాన్ జీకి క్షమాపణ నేను వేరే రాయిస్తాను, నీ చేత కాదు, అన్నారు. ఆ తర్వాత, నాకు చెప్పడం తేలికే, నేను లేవలేను కదా, మీ కాకోసాకి, దాదీసాకి, ఆ రోజు వచ్చిన ఇద్దరు పెద్దమనుషులకి నువ్వే చెప్పాలి, నేను చెప్పమన్నానని అనకుండా, అన్నారు.

ఆ ఇద్దరూ ఇప్పుడే వచ్చారు, బాపూసాని చూడ్డానికి. కాకోసా చావడిలో వాళ్ళకి టీ పోయిస్తూ సుడి కథ మొదట్నుంచి చెబుతున్నాడు, గొంతు ఇక్కడిదాకా వినిపిస్తోంది. దాదీసా కూడా అక్కడే ఉంది. నేను చెప్పాల్సిన నలుగురూ ఒక్కచోటే ఉన్నారు.

వెళ్తున్నాను బాసా.