వెనక్కి తిప్పిన కారు

ఈపూరు,
ఆదివారం.

చిరంజీవి వర్షిణికి నాన్న దీవెనలతో రాసేది.

ఇక్కడ అమ్మ, నేను, నీ తమ్ముడు తేజ, రెండు గేదెలు, అందరం కులాసా. నువ్వు అక్కడ వేళకు తింటున్నావనీ, ఆ పరుగులకు కాళ్ళు బొబ్బలెక్కకుండా చూసుకుంటున్నావనీ అనుకుంటున్నాం. నీ ఉత్తరం మొన్న అందింది. ట్రైనింగులో మీ ఫోన్లు తీసుకోవడం ఒకందుకు మంచిదే అయింది, నీ చేతిరాత మళ్ళీ చూశాను. వారానికోసారి నువ్వు ఫోను చేసినా అమ్మ మాట్లాడేసరికే నీకిచ్చిన టైము అయిపోతుంది. నాకు మిగిలేది "సరే నాన్నా, ఉంటా" అన్న ముక్క ఒక్కటే. అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, కానీ తగ్గిందని ఒప్పుకోదు. మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. మబ్బు పట్టినప్పుడల్లా పట్టాలు కప్పడానికి అందరికంటే ముందు పరిగెత్తేది ఆవిడే, అప్పుడు మోకాలు గుర్తుండదు. నేను మాత్రలు మానకుండా వేసుకుంటున్నాను. ట్రాక్టరు జోలికి పోవడం లేదు. దాని తాళం నువ్వు దాచిన పిండి డబ్బాలోనే ఉంది. ఎక్కడ దాచావో నాకు మొదటి రోజే తెలుసు.

ఇక నీ కారు సంగతి. "వాడి పేరు నా దగ్గర ఎత్తొద్దు. మా ట్రైనింగు ముగింపు పరేడ్‌కి ఇంటినుంచి ఇద్దరినే రానిస్తారు. అమ్మ పేరు, నీ పేరు ఇస్తున్నా. వాడు నా తమ్ముడే కాదనుకుంటా" అని రాశావు. ఆ ముక్క దగ్గర ఆగిపోయి ఉత్తరం మడిచాను. కాసేపటికి మళ్ళీ విప్పి చదివాను. ఇంతకుముందు ఉద్యోగంలో జీతం మిగుల్చుకుని కొనుక్కున్న కారు, నీకు కోపం రావడంలో తప్పు లేదు. ముందు బంపరు పగిలింది. ఎడమవైపు లైటు పోయింది, దాని పక్కన రేకు లోపలికి నొక్కుకుంది. ఇంజనుకు ఏమీ కాలేదని తేజ స్నేహితుడు సుహైల్ చెప్పాడు. నరసరావుపేటలో వాళ్ళ షెడ్డుకి తీసుకెళ్ళి అతనే బాగుచేస్తున్నాడు. కానీ ఆ రోజు జరిగినదేమిటో నాకే ఇప్పటికీ సరిగా బోధపడలేదు. బోధపడినంతవరకు రాస్తాను, నువ్వు చదివి తేల్చు. రేపో మాపో ఎస్సైవి కాబోతున్నావు.

మాచర్ల అవతల ప్లాట్లు అమ్ముడుపోని వెంచర్ ఒకటి ఉంది. ఇళ్ళు లేవు కానీ నడిమధ్య పొడుగ్గా, తిన్నగా రోడ్డు వేశారు. అక్కడ కార్ల డ్రాగ్ రేస్ పెడుతున్నారని తేజ పేరు ఇచ్చి వచ్చాడు. నీ కారు తీసుకుపోతానంటే నేను అడ్డం చెప్పలేదు. అడ్డం చెప్పకపోగా నేనూ వస్తానన్నాను. గుండెకు స్టెంట్ వేసినప్పటినుంచీ మీరంతా నన్ను గాజు గ్లాసులా చూస్తున్నారు. మన బండలాగుడు ఎడ్లు అమ్మేశాక నేను పోటీ అన్నది చూడలేదు. బండలాగుడుకు నన్ను పిలిచినా మీ అమ్మ పోనివ్వదు. కార్ల పోటీ అనేసరికి ఆవిడకు ఎందుకో అభ్యంతరం తోచలేదు.

అక్కడికి పోయాక అంతా తికమకే. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. నడుమ ఒక స్తంభానికి లైట్లు. పచ్చలైటు పడగానే పోవాలి, అవతలి గీత ముందు దాటినవాడిది గెలుపు. నేను కండువా సర్దుకునేలోగా పోటీ అయిపోయింది. మనవాడే ముందు దాటాడు, నా కళ్ళతో చూశాను. కండువా పైకి ఎగరేశాను కూడా. తీరా చూస్తే ఓడిపోయాడన్నారు. పేర్లు రాసుకునే బల్ల దగ్గరికి పోయి అక్కడున్న అమ్మాయిని అడిగాను.

"ముందొచ్చినోడు ఓడిపోవడమేందమ్మా?"

"పచ్చలైటు పడకముందే కదిలాడు అంకుల్. మిషన్ పట్టేసింది."

"రవ్వంత ముందు కదిలితే ఏందంట? ఆ పక్కనోడు చానా వెనకబడ్డాడు గదా."

"ఎంత ముందైనా ఫౌలే అంకుల్" అని ఆ అమ్మాయి నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చింది. ఓడినందుకు ఇచ్చిందో, ముసలాణ్ణని ఇచ్చిందో తెలియలేదు.

తేజ ముఖం చూడలేకపోయాను. హెల్మెట్ తీసి నేలమీద కొట్టాడు. "ఒరేయ్, హెల్మెట్టేం చేసిందిరా" అని మాతో వచ్చిన సుహైల్ దాన్ని ఏరుకొచ్చాడు. అన్నం తినమంటే తినలేదు. మధ్యాహ్నం మైకులో ఇంకో మాట చెప్పారు. లైసెన్సు ఉన్నవాళ్ళు ఎవరైనా సరదాకి ఒకసారి నడిపి చూడొచ్చు, పోటీ లెక్కలోకి రాదు అని. తేజ లేవలేదు. "నాకొద్దు. ఇంటికి పోదాం" అన్నాడు.

ఇక్కడిదాకా రాసి లేచి వెళ్ళి, గేదెలకు చొప్ప వేసి వచ్చాను. ఇంక వేరే పని కల్పించుకోవడానికి లేదు కాబట్టి రాస్తున్నాను. వర్షిణీ, నీ కారు పాడుచేసింది తేజ కాదు. నేను.

"తాళం ఇటియ్యరా" అన్నాను. "వద్దు నాన్నా, అక్క చంపుద్ది" అన్నాడు. లైసెన్సు నా జేబులోనే ఉంది. హెల్మెట్ పెట్టుకున్నాను, బెల్టు పెట్టుకున్నాను, ఇంతవరకు ఏ పొరపాటూ చేయలేదు. పచ్చలైటు పడేదాకా ఓపికగా కూర్చున్నాను. పడగానే వదిలాను. పక్క కారు ఎక్కడుందో కూడా చూడలేదు. గీత దాటాను.

దాటి, కారు వెనక్కి తిప్పాను.

ఎందుకు తిప్పానంటే ఏం చెప్పను? బండ గీత దాటగానే ఎడ్లను తిప్పుకోవాలి, మళ్ళీ ఇటు లాగాలి, విజిల్ వేసేదాకా ఆగకూడదు. నా జన్మలో నేను నేర్చుకున్న పోటీ అది. గీత కనబడింది, చేతులు వాటంతట అవే తిప్పేశాయి. వచ్చిన దారినే ఎదురు తోలుకుంటూ వస్తున్నాను. పక్కలనుంచి మనుషులు ఎర్రజెండాలు ఊపుతూ అరుస్తున్నారు. బండలాగుడులో మనవాళ్ళు కండువాలు ఊపరూ, అట్లా హుషారు చేస్తున్నారనుకున్నాను. ఇంకా గట్టిగా తొక్కాను. తీరా బయలుదేరిన చోట నిలబడ్డవాళ్ళంతా పక్కలకు పరిగెత్తుతుంటే అప్పుడు అనుమానం వచ్చి బ్రేకు వేశాను. కారు జారిపోయి, అంచున పేర్చిన పాత టైర్ల గుట్టకు కొట్టుకుంది. దేవుడి దయవల్ల ఎదురుగా ఇంకో కారు వదల్లేదు. ఎవరికీ గీరుకోను కూడా లేదు, నాతో సహా.

తేజ పరిగెత్తుకుంటూ వచ్చాడు. కారు వంక చూడలేదు. నా ఛాతీ మీద చెయ్యి పెట్టి, "నొప్పి ఏమన్నా ఉందా నాన్నా, చెప్పు, నొప్పుందా" అని అదే మాట అడిగాడు. నిర్వాహకులు వచ్చి తిట్టిన తిట్లు వాడే పడ్డాడు. తర్వాత నువ్వు ఫోను చేసినప్పుడు, నేనే గుద్దానక్కా అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో అదీ నాకు బోధపడలేదు.

ఎందుకట్లా చెప్పావురా అని తర్వాత వాణ్ణి అడిగాను. "నా మీద కోపమైతే ఎప్పటికైనా పోద్ది. నువ్వు తోలావని తెలిస్తే అక్క నిన్ను సైకిల్ కూడా ఎక్కనీదు" అన్నాడు. వాడు అనుకున్న కోపం వేరు, నువ్వు రాసిన ఉత్తరం వేరు. దాన్ని వాడికి ఇంకా చూపించలేదు. అక్క ఏం రాసిందని రోజూ అడుగుతున్నాడు.

ఇంకొక్క మాట, ఇది అసలు రాయకూడదేమో. సిగ్గుపడాల్సినవాణ్ణి, పడుతున్నాను కూడా. నీ కారు పగిలినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ ఆ గీత దాటినప్పుడు నాకు కలిగిన సంతోషం ఎడ్లు అమ్మేశాక మళ్ళీ కలగలేదు. వెనక్కి తోలుకొస్తున్నప్పుడైతే ఇంకా సంతోషం. చేసింది శుద్ధ తప్పు, జరగరానిది జరిగేదే. ఆ తప్పూ ఈ సంతోషమూ ఒకే చోట ఎట్లా ఇముడుతున్నాయో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. నీకేమన్నా తెలిస్తే రాయి. తిడుతూ రాసినా సరే.

అమ్మకు ఈ సంగతి తెలియదు. ఉత్తరం పోస్టులో వేసి వచ్చి నేనే చెబుతాను. ఆ పూట అన్నం పెట్టకపోతే సుహైల్ వాళ్ళింటికి పోతాను.

పరేడ్‌కి పేర్లు ఇచ్చేసి ఉంటే మీ పైవాళ్ళను అడిగి మార్పించు. అమ్మ పేరు ఉంచు. నా పేరు కొట్టేసి తేజ పేరు రాయి. నువ్వు ఆ టోపీ పెట్టుకుని నడుస్తుంటే వాడు చూడాలి తల్లీ. మమ్మల్ని వాడే నీ కారులో తీసుకొస్తాడు. నేను గేటు బయట కారులోనే కూర్చుంటాను. వెనక సీట్లో.

ఇట్లు,
నీ కారు గుద్దిన
మీ నాన్న,
నరసింహారావు.