ఒక నూలు

గుడివాడ
3-7-1998

ప్రియమైన చెల్లి ప్రసన్నకు అన్నయ్య దీవెనలు.

నాన్న కారుని తిడుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. మీ మగ్గాల సావిట్లో సగం చోటు అదే మింగేసిందనీ, రెండే సీట్లుండి పైన కప్పయినా లేని ఆ బండి వల్ల ఎవరికి లాభమనీ అడిగావు. లాభం లేదమ్మా. బందరులో ఓడల కంపెనీ దొర వెళ్ళిపోతూ, అన్నేళ్ళు మరమ్మతు చేసినందుకు నాన్నకి ఇచ్చిపోయిన రేసు కారది. మగ్గం వదిలి మెకానిక్ అయినందుకు ఊరంతా నవ్విన మనిషికి దక్కిన ఒకే ఒక్క మర్యాద. పోయేముందు "దాచేది అమ్మాయి, బాగుచేసేది అబ్బాయి" అని ఇద్దరి పేరా పెట్టాడు. గుడివాడలో నాకు లేతు మిషను పట్టే చోటే ఉంది గనుక దాచే పని నీకు తప్పదు.

దాని పాత బ్రేకు సిలిండరు ఇక పనికిరాదు. అంబాసిడర్‌కి వేసేది కొత్తది కొన్నాను. పెడలు తొక్కితే దాన్ని నెట్టే రాడ్డు మాత్రం నా లేతు మీద నేనే చేశాను. రెండూ సోమవారం బస్సు కండక్టరు చేతికి ఇస్తాను. పొడుగైతే అరగదీయచ్చు, పొట్టిదైతే పారెయ్యాలి అని నాన్న అనేవాడు కదా, అందుకని కావాలనే పొడుగు ఉంచాను. బిగించే ముందు చివర ఒక నూలు ఆకురాయితో తీసెయ్యమని బావగారికి చెప్పు. సరిగ్గా ఒక నూలు. ఎక్కువ తీస్తే నేను మళ్ళీ మొదటికి రావాలి.

శోభనాద్రి బావగారికి నా నమస్కారాలు. కారు నడపడం నాన్న దగ్గర నాకంటే ముందు ఆయనే నేర్చుకున్నాడని నాకింకా ఉక్రోషమేనని చెప్పు.

నీ అన్నయ్య
భాస్కరరావు


పెడన
19-7-1998

ప్రియమైన అన్నయ్యకు ప్రసన్న నమస్కారాలు.

సామాను క్షేమంగా చేరింది. నీ ఉత్తరం నేను పైకి చదువుతుంటే మీ బావగారు ఆకురాయి పట్టుకుని కూర్చున్నారు. ఆ మనిషికి పని చెప్పాలే గాని పట్టిన పట్టు వదలరు. రెండుసార్లు రుద్దడం, కొలవడం, మళ్ళీ రుద్దడం, మళ్ళీ కొలవడం. అన్నం చల్లారిపోయిందన్నా లేవలేదు. "సరిగ్గా ఒక నూలు, వెంట్రుకవాసి తేడా లేదు, మీ అన్నయ్యకు రాయి" అన్నారు. రాశాను. ఇలాంటి సన్నపని మగ్గం మనిషికి కాక ఇంకెవరికి వస్తుందని నేను కూడా కాస్త గర్వపడ్డాను.

బ్రేకు బాగానే పట్టింది. కానీ బందరు దాకా వెళ్ళొచ్చేసరికి చక్రాలు పెనంలా కాలిపోతున్నాయి. గుడ్డ మాడినట్టు వాసన కూడా వచ్చింది. ఇదివరకు నేనొక్కదాన్నే సావిట్లోకి తోసేదాన్ని, ఆ రోజు ఇద్దరం తోసినా కదలలేదు.

ఇంకో సంగతి. పై రేకు బాగానే ఉంది గాని లోపలి చెక్క చట్రమంతా చెద తినేసింది. నాగాయలంకలో పడవలు కట్టే పోతయ్యగారు తుమ్మచెక్కతో కొత్తది చేసిస్తానన్నారు. పడవలు కట్టే చెయ్యి గనుక ఈ కారు కాలవలో పడినా తేలుతుందని మీ బావగారి హాస్యం. వచ్చే నెల తీసుకెళ్దామనుకుంటున్నారు. చక్రాలు ఇలా కాలుతుంటే అంత దూరం వెళ్ళచ్చా? నువ్వు సరేనంటేనే పంపుతాను.

నీ చెల్లి
ప్రసన్నలక్ష్మి


గుడివాడ
24-7-1998

ప్రియమైన ప్రసన్నకు,

కొట్లో పని ఎక్కువగా ఉంది, కార్డు ముక్కతో సరిపెట్టుకో. కొత్త బ్రేకు కొత్త చెప్పుల్లాంటిది, కొన్నాళ్ళు కరుస్తుంది. ఓ వంద మైళ్ళు తిరిగితే అదే సర్దుకుంటుంది. నిక్షేపంలా నాగాయలంక వెళ్ళిరమ్మను. నేను చేసిన రాడ్డుకి నాదే పూచీ.

అన్నయ్య


బందరు, ఆసుపత్రి
11-8-1998

అన్నయ్యా,

టెలిగ్రాం అందే ఉంటుంది. ప్రాణానికి భయం లేదన్నారు.

అవనిగడ్డ దాటాక, కాలవ గట్టు మీద చేపల గంపలతో ఆడవాళ్ళు రోడ్డు దాటుతున్నారట. ఈయన బ్రేకు మీద కాలేస్తే పెడలు నేల దాకా వెళ్ళిపోయిందట, గాల్లో తొక్కినట్టు. వాళ్ళని తప్పించి కారుని కాలవలోకి తిప్పారు. వాళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. ఈయన కుడి మోకాలు నుజ్జయింది. కారుని ట్రాక్టరు కట్టి లాగి పోతయ్యగారి పాకలో పెట్టారు.

మెలకువ వచ్చినప్పుడల్లా ఒకటే మాట, "బ్రేకు అందలేదు" అని. నువ్వు త్వరగా రా. నాకు చాలా భయంగా ఉంది.

ప్రసన్న


గుడివాడ
20-8-1998

ప్రసన్నకు,

ఆసుపత్రికి వచ్చి మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయానని నీకు కష్టంగా ఉండచ్చు. బ్రేకు అందలేదు, అందలేదు అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటే అక్కడ ఎలా కూర్చోను? ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో బస్సులకీ మిల్లులకీ సామాన్లు చేసిస్తున్నాను, ఒక్కడు వేలెత్తి చూపలేదు. కప్పులేని కారెక్కి గాలి తగలగానే మనిషి వేగం మరిచిపోతాడు. మీ ఆయన అదే చేశాడు. తప్పు ఇనుము మీదికి నెట్టడం సులువు.

ఆ కారు అమ్మేద్దాం. ఇక దాని ఊసు నాకు రాయకు.

భాస్కరరావు


పెడన
2-11-1998

అన్నయ్యకు నమస్కారాలు.

రెండు నెలలు కలం పట్టబుద్ధి కాలేదు. పోయిన వారం కట్టు విప్పారు. మోకాలు వంగదు. గుంట మగ్గంలో దిగి కూర్చోవాలంటే కాలు వంగాలి, తొక్కుడు చెక్కలు తొక్కాలంటే రెండు కాళ్ళూ ఆడాలి. రోజూ పొద్దున్నే మగ్గం దగ్గరికి వెళ్ళి, పక్కన నిలబడి, పోగులు సర్ది వచ్చేస్తున్నారు.

నీ ఉత్తరం దాచిపెట్టాను గాని ఆయన చూశారు. "వేగంగానే నడిపానని మీ అన్నయ్యకు రాయి" అన్నారు. నిజమేనా అని అడిగాను. "నీకున్నది ఒక్క అన్న. రాయి" అన్నారు. రాస్తున్నాను. ఆయన అలా అన్నందుకు నీకు మనశ్శాంతి కలిగితే మంచిదే.

కారు కొనేవాళ్ళు దొరికారు. చట్రం పని పూర్తిచేసి అప్పగించాలి. వచ్చే నెల నాగాయలంక వెళ్ళి చూసుకుంటాను.

ప్రసన్నలక్ష్మి


పెడన
14-12-1998

అన్నయ్యా,

నిన్న నాగాయలంక వెళ్ళాను. ఆ పాకలో నేను విన్నది నీకు చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

పోతయ్యగారు తలుపు బిగిస్తున్నారు. అది పట్టలేదు. "ఒక నూలు తియ్యాలమ్మా" అంటూ చిత్రిక పట్టారు. పొట్టు మీద పొట్టు రాలుతూనే ఉంది. నేనింక ఉండబట్టలేక, ఒక నూలు అంటే ఇంతా అని అడిగాను. ఆయన నవ్వి, "అంగుళంలో ఎనిమిదో వంతమ్మా. మా వడ్రంగులకీ లేతు పనోళ్ళకీ అదే లెక్క" అన్నారు.

మా ఇంట్లో నూలంటే రాట్నం మీద ఉండేదే. పెళ్ళయిన ఈ పన్నెండేళ్ళలోనూ, అంతకుముందు నాన్న దగ్గరా, ఆ మాటకి ఇంకో అర్థముందని నేను వినలేదు. ఆ రోజు నీ ఉత్తరం పైకి చదివింది నేను. ఆయన చీరలకు వాడే నూలులో ఒక పోగు తీసి, రాడ్డు పక్కన పెట్టి, సరిగ్గా ఆ పోగు మందం అరగదీశారు. భోజనం మాని మరీ.

ఇంకొకటి అడుగుతున్నాను. ప్రమాదం జరిగిన మూడో నాడు నువ్వు ఆ పాకకి వచ్చి, ఒక రాడ్డు విప్పుకుని వెళ్ళావని పోతయ్యగారు చెప్పారు. అది ఎందుకు తీసుకెళ్ళావు? దాన్ని కొలిచావా? కొలిచాకే నాకా ఉత్తరం రాశావా?

ఈ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు. నీ జవాబు వచ్చాకే చెబుతాను.

ప్రసన్న


గుడివాడ
19-12-1998

ప్రియమైన చెల్లి ప్రసన్నకు,

కొలిచాను. కొలిచాకే రాశాను.

రాడ్డు దాదాపు నేను పంపినంత పొడుగే ఉంది. చివర మాత్రం అద్దంలా నున్నగా, ఒక పోగు మందం తక్కువగా ఉంది. ఆ నునుపు చూడగానే అంతా తెలిసిపోయింది. రాడ్డుకీ సిలిండరుకీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. లేకపోతే కాలు తీసినా బ్రేకు వదలదు, చక్రం కాలుతుంది, లోపల ఆయిలు మరుగుతుంది, ఆఖరికి పెడలు ఉత్తదే అయిపోతుంది. చక్రాలు కాలుతున్నాయని నువ్వు రాసినప్పుడైనా నాకు తట్టాల్సింది. చెప్పులని హాస్యమాడాను.

నాన్నకి ఆ రెండు నూళ్ళూ తెలుసు. సాలెవాళ్ళ ఇంట్లో ఎనిమిదో వంతు అనే చెప్పాలిరా, నూలు అనకూడదు అని నాకు లేతు నేర్పిన మొదటి నెలలోనే అన్నాడు. నేను మరిచిపోయాను. మరిచిపోవడం ఒక తప్పు. తెలిశాక కొట్టు పేరు పోతుందనీ, నీ మొహం చూడలేననీ ఆయన్నే దోషిని చేశాను. అది తప్పు కాదు, పాపం. వేగంగానే నడిపానని ఆయన రాయించిన ఉత్తరం అందిన రోజు నుంచి నేను మనిషిలా లేను. అయినా నోరు విప్పలేదు. నువ్వు అడక్కపోతే ఇప్పటికీ విప్పేవాణ్ణి కాదేమో, ఆ సంగతి కూడా తెలుసుకో.

ఈ ఉత్తరం బావగారికి పైకి చదువు. ఏ మాటా వదలకు. విన్నాక ఆయన నన్ను గడప తొక్కవద్దంటే తొక్కను. కారు అమ్మాలో ఉంచాలో ఆయన ఇష్టం.

రమ్మంటే మాత్రం ఒక పని చేయాలని ఉంది. గుంట లేకుండా ఎత్తు బల్ల మీద కుడికాలు చాపుకుని కూర్చుని, ఎడమకాలు ఒక్కదానితో రెండు చెక్కలూ ఆడించేలా మగ్గానికి కింద ఇనుప అమరిక చేస్తాను. కారు పెడలే విప్పి దానికి వాడతాను, కారుకి వేరేది చేస్తాను. అందుకు ఆయన ఎడమ మోకాలి నుంచి మడమ దాకా, మడమ నుంచి బొటనవేలి దాకా కొలతలు కావాలి. అంగుళాల్లో రాయకు. నూళ్ళలో అసలే వద్దు. మీ ఇంటి నూలుపోగుతో ఆయన చేతే కొలిపించి, ఆ పోగులే తెంపి కవరులో పెట్టి పంపు.

ఎదురుచూస్తూ
నీ అన్నయ్య
భాస్కరరావు