ఐదోనాడు వండాల్సిన బియ్యం

మాల్దీవులు,
22 ఆగస్టు 2024, గురువారం.

సందీప్‌కు,

భానుప్రియ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నంద్యాలలో నువ్వూ, రామమ్మత్తా బాగున్నారని తలుస్తాను. నీ పేరుకు ముందర ఏం పెట్టాలో తెలియక పది నిమిషాలు పెన్ను పట్టుకొని కూర్చున్నా. చివరికి ఏమీ పెట్టలేదు. బీఈడీలో పక్కపక్క బెంచీల్లో కూర్చున్నవాళ్లం కదా, మొగుడూ పెళ్లాల లెక్క తెగినా ఆ చనువు మిగిలిందనుకో.

ఫోన్ చేస్తే రెండో నిమిషానికే గొడవ మొదలవుతుంది. అందుకని కాగితం. మన ఆళ్లగడ్డ ప్రభాకర్ సార్ శనివారం సెలవు మీద ఊరికి పోతున్నారు. ఆయన చేతికిచ్చి పంపుతున్నా.

విషయం ఏమిటంటే, అమ్మా నాయనా వచ్చిపోయారు. ఇరవై ఐదు రోజులున్నారు. సోమవారం పొద్దున లాంచీ ఎక్కించాను. నువ్వు డిసెంబరులో వెళ్లిపోయిన సంగతి వాళ్లకింకా తెలియదు. ఈ ఎనిమిది నెలలూ ఫోన్ తీస్తే అమ్మ మొదటి మాట ఇద్దరూ తింటిరా అనే. తింటిమమ్మా అని నేను. మనకు ఈ ఉద్యోగాలొచ్చినప్పుడు నాయన అన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. ఇద్దరూ పోతాండారు కాబట్టి పంపుతాండా, ఒక్కదానివే అయితే శిరివెళ్ల పొలిమేర దాటనీను అన్నాడు. నువ్వు లేవని తెలిస్తే మరుసటి రోజే పెట్టె సర్దుకోమంటాడు. నాకు ఇంకా ఏడాదిన్నర కాంట్రాక్టు ఉంది. ఇది పైకి చెప్పే కారణం. లోపలి కారణం, వాళ్లకు చెబితే అది నిజమైపోతుందని భయం.

అందుకని, నిన్ను దక్షిణాన ఏదో దీవి బడికి మార్చారనీ, వారానికొక్క పడవే తిరుగుతుందనీ, ఈ వానల్లో అదీ నమ్మకం లేదనీ చెప్పాను. నువ్వు వదిలేసిన గళ్ల చొక్కా ఉతికి తలుపు వెనక తగిలించాను. రెండో దిండు అటక మీంచి దించాను. నవ్వుకుంటే నవ్వుకో. పిల్లలు కాపీ కొడితే చెవి మెలేసే టీచరమ్మ చేసిన పని ఇది.

నాయన మొదటి రోజే దీవి చుట్టూ తిరిగొచ్చాడు. ఇరవై నిమిషాల్లో అయిపోయిందని నమ్మక మళ్లీ తిరిగాడు. సముద్రం ముందర నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి, ఇన్ని నీళ్లుండి ఏం లాభం, ఒక మడి గూడా తడవదే అన్నాడు. ఒకరోజు నా క్లాసుకు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. పిల్లలంతా లేచి గుడ్ మార్నింగ్ చెబితే తనూ లేచి నిలబడి చేతులు జోడించాడు. పిల్లలు కూర్చున్నా ఆయన కూర్చోలేదు, నేను చెప్పేదాకా. ఆ రోజు నేను బోర్డు వైపు తిరిగే పాఠమంతా చెప్పాను. నా మొహం పిల్లలకు చూపించేట్టు లేదు.

నీ గురించి వాళ్లు పెద్దగా అడగలేదు, నొచ్చుకోకు. నీకు ఫోన్ కలపమంటారేమోనని నాలుగు సాకులు తయారు చేసి పెట్టుకున్నా. ఒక్కటీ ఖర్చు కాలేదు. ఆడ సిగ్నలు ఉండదులే అని నాయనే అన్నాడు. జానకమ్మత్త వీడియో కాల్ చేసి అల్లుడు యాడ, చూపించండే అని పట్టుబడితే, నేను నోరు తెరిచేలోపే డ్యూటీకి పోయినాడులేమ్మా అని అమ్మ సర్దేసింది. నా అదృష్టం బాగుందనుకున్నా. రెండో వారంలో నాయన అంగడికి పోయి, సైగలతో బేరమాడి, ఇనుప గడియ ఒకటి తెచ్చి తలుపుకు లోపలి వైపు బిగించాడు. ఉన్న గడియ చాలదా నాయనా అంటే, వారమంతా ఒక్కదానివే ఉంటావు గదా అన్నాడు.

ఒడిబియ్యం సంగతి చెప్పాలి. పుట్టింట్లో ఆడపిల్ల ఒడిలో పోయాల్సిన బియ్యం, నేను రెండేళ్లుగా పుట్టింటికి పోకపోతే, అమ్మ నంద్యాల నుంచి రైల్లో బెంగుళూరు దాకా, ఆడి నుంచి విమానంలో మోసుకొచ్చింది. పసుపు కొమ్ములు, ఎండు కొబ్బరి, ఖర్జూరాలు, చీర, రవిక గుడ్డ, అన్నీ ఉన్నాయి. మా ఇంట్లో అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టి ఆయన కండువాలోనూ నాలుగు దోసిళ్లు పోస్తారు కదా. నువ్వు వచ్చేదాకా ఆగుదామంటుందేమోనని భయపడ్డా. ఆగుదామనలేదు. ఆదివారం పొద్దున నన్నొక్కదాన్నే తూర్పు ముఖంగా కూర్చోబెట్టి పోసింది. నీకు కండువా తేవడం మర్చిపోయిందట. పెళ్లికి పిలవాల్సిన మూడొందల ఇళ్లు నోటికి చెప్పిన మనిషి, కండువా మర్చిపోయింది. వయసు మీద పడుతోంది పాపం. ఏం కాదులేమ్మా అని నేనే ఓదార్చాను.

ఒడిలో బియ్యం బరువుగా ఉంటే ఏడుపొచ్చింది. ఏందీ, చిన్నపిల్ల మాదిరి, అని అమ్మ కసిరింది. తర్వాత ఆ బియ్యం తన పాత చీర గుడ్డలో తనే మూటగట్టి, పై అరలో తనే పెట్టింది. మేం పోయిన ఐదోనాడు విప్పి వండు, నలుగురికి పెట్టు, ముందే విప్పగాకు అని మరీ మరీ చెప్పింది.

వాళ్లు పోయి నాలుగు రోజులు. బడి నుంచి వచ్చి, పొయ్యి మీద మూడు గ్లాసుల టీ నీళ్లు పెట్టి, మళ్లీ రెండు గ్లాసులు పారబోస్తున్నా. ఒంటరితనం అలవాటైందనుకున్నా సందీప్. కాలేదు. నువ్వు సముద్రం మధ్యలో బతకలేనన్నావు, ఊరికి పోదామన్నావు. నేను రానన్నాను. ఎవరిది తప్పని నేనిప్పుడు వాదించడం లేదు. కానీ ఈ గది ఇంత పెద్దదని మనం ఉన్నప్పుడు నాకు తెలియదు.

నిన్ను అడగాల్సినవి రెండే. నాయన కంటి డాక్టరు కోసం నెలకోసారి నంద్యాలకు వస్తాడు. బస్టాండులో గానీ బజార్లో గానీ కనిపిస్తే నువ్వు పక్క సందులోకి తిరిగిపో. నా కాంట్రాక్టు అయ్యేదాకా ఆయన కంట పడొద్దు. దండం పెడతా. రెండోది, చెనిక్కాయల పొడితో పాటు నీ పెట్టెలో వెళ్లిపోయిన నా స్టీలు డబ్బా. పెళ్లికి అమ్మ నా పేరు కొట్టించి ఇచ్చింది. మూత ఒక పక్క సొట్టపోయి ఉంటుంది, ఎట్లా పోయిందో నీకు తెలుసు. ప్రభాకర్ సార్ తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతికియ్యి. ఈసారి అమ్మ చూడాలని అడగలేదు గానీ, ఎప్పుడైనా అడుగుతుంది.

రామమ్మత్తను అడిగానని చెప్పు. మోకాళ్లకు ఆ నూనె రాస్తూ ఉండమను.

ఇట్లు,
భాను

తా.క. శుక్రవారం మధ్యాహ్నం. డబ్బా పంపొద్దు.

ఐదోనాడు కదా అని ఇప్పుడే మూట విప్పాను. బియ్యం మధ్యలో ఉంది. మూత మీద చుక్కలు చుక్కలుగా నా పేరు, కింద మన పెళ్లి తేదీ, పక్కన ఆ సొట్ట. మన చివరి గొడవలో నేను నేలకేసి కొట్టిన సొట్ట. తోమి తోమి తళతళలాడేట్టు చేసి, దాని నిండా కూడా బియ్యమే పోసింది. అది నీ వంటింట్లో ఉండాల్సిన డబ్బా. శిరివెళ్లలో అమ్మ చేతికి ఎట్లా పోయింది?

వాళ్లు నీ దగ్గరికి వచ్చారు. వాళ్లకు తెలిసిపోయిందని నాకంటే ముందు నీకు తెలుసు. అన్నీ తెలిసే ఇరవై ఐదు రోజులు నీ గళ్ల చొక్కా ఉన్న తలుపు వేసుకుంటూ, తీసుకుంటూ నా ఇంట్లో తిరిగారు. కండువా మర్చిపోలేదు. గడియ ఊరికే బిగించలేదు.

నిన్న రాసింది చింపేద్దామనుకున్నా. వద్దులే, ఎంత పిచ్చిదాన్నో చూడు. ఒక్కటి రాయి. ఎప్పుడొచ్చారు? ఇద్దరూ వచ్చారా? అమ్మ లోపలికొచ్చి కూర్చుందా, గడప దగ్గరే నిలబడి అడిగిందా? నాయనకు మంచినీళ్లిచ్చావా? ఇకమీద ఆయన కనిపిస్తే సందులోకి తిరగొద్దు. ఎదురుపోయి పలకరించు.

బియ్యం పొయ్యి మీద పెట్టి అమ్మకు ఫోన్ చేశాను. మూట విప్పినావా అంది. విప్పినానమ్మా అన్నాను. వెనక నాయన దగ్గు వినిపించింది. చివరికి అమ్మే అడిగింది, నువ్వు తింటివా అని. ఇద్దరూ అనలేదు. ఎనిమిది నెలల్లో మొదటిసారి, నువ్వు తింటివా అంది.

తిన్నానని చెప్పాను. అన్నం ఇంకా ఉడుకుతోంది.